లేపొద్దు... అదే లేస్తుంది!

గోల్ఫ్‌లో గ్రీన్ పక్కన నిలబడి కొట్టే చిన్న దెబ్బను ‘చిప్’ అంటారు. చూడ్డానికి చాలా తేలిగ్గా ఉంటుంది. కానీ కొత్తగా ఆడేవాళ్ల స్కోరు బాగా దెబ్బతినేది ఇక్కడే. యాభై దాటాక ఆట మొదలుపెట్టినవారికి మణికట్టు, మోచేయి నొప్పులు పట్టుకోవటానికీ ఈ చిన్న దెబ్బ కారణం కావొచ్చు. స్కోరు పోవటానికీ, నొప్పి రావటానికీ మూలం తరచూ ఒకే తప్పు. అదేంటో, దాన్ని దిద్దుకోవటమెలాగో చూద్దాం.

బంతికీ గ్రీన్‌కీ మధ్య రెండంటే రెండే అంగలు. అక్కణ్నుంచి జెండా మరో పది అంగలు. ఒక దెబ్బతో జెండా దగ్గరికి చేర్చి, ఇంకో దెబ్బతో గుంటలో వేసేయాలి. నేను ఐదు కొట్టాను. మొదటిది బంతి వెనకాల నేలను తవ్వింది. బంతి జానెడు దూరం కదిలింది. రెండోదీ అంతే. మూడోసారి కసిగా కొడితే క్లబ్ అంచు బంతికి సరిగ్గా మధ్యలో తగిలి, అది బాణంలా దూసుకెళ్లి, గ్రీన్ దాటి అవతలి ఇసుక గుంటలో పడింది. మిగతా రెండు దెబ్బల సంగతి చెప్పను.

పక్కన నిలబడ్డ కేడీకి పాతికేళ్లు కూడా ఉండవు. నవ్వాపుకొని మెల్లగా అన్నాడు: ‘‘లేపకుండ్రి సార్. అదే లేస్తది.’’

ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. మూడు నెలల తర్వాత ఫిజియోథెరపిస్టు నా మోచేతిని నొక్కి చూసి, క్లబ్ ఎలా తిప్పుతానో చేసి చూపించమని, దాదాపు అదే మాట అన్నప్పుడు ఎక్కింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. వయసు 54. రక్తంలో చక్కెర సరిహద్దులో ఉంది. రోజూ నడవమని డాక్టరు చెబితే సరేనని తలూపటం, పది రోజులు పార్కు చుట్టూ తిరిగి మానెయ్యటం... ఇలా నాలుగైదేళ్లు గడిచాయి. నన్ను నిజంగా నడిపించింది గోల్ఫే. ఓ మిత్రుడి పుణ్యాన మొదలైంది. బంతి వెనకాల నడుస్తుంటే ఎంత దూరం నడిచామో తెలియదు. బండి ఎక్కకుండా 18 హోల్స్ ఆడితే 8 నుంచి 10 కిలోమీటర్లవుతుంది. తొమ్మిదే ఆడినా అందులో సగం. చక్కెర అదుపులోకి వస్తున్న వేళకి మోచేయి మొరాయించింది. కాఫీ కప్పు ఎత్తితే నొప్పి, తలుపు గడియ తిప్పితే నొప్పి. ఆట మానేస్తే నడకా ఆగిపోతుంది. నాకు భయం వేసింది దానికే.

ఈ నడక విలువ తెలియటానికి ఒక్క లెక్క. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 3 లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ల వివరాలు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. అదే వయసు, అదే ఆర్థిక స్థాయి ఉన్న మిగతావారితో పోలిస్తే వీరిలో మరణాల రేటు 40% తక్కువగా ఉంది. ఈ ఘనతంతా గోల్ఫ్‌దేనని చెప్పటం కుదరదు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే ఈ ఆట ఆడతారు కదా! అయినా గంటల తరబడి ఆరుబయట నడిచే అలవాటుకు అందులో వాటా ఉండే ఉంటుందని పరిశోధకులూ భావించారు.

ఇంతకీ చిప్ అంటే?

గోల్ఫ్ ఎప్పుడూ చూడనివారి కోసం రెండు మాటలు. జెండా పాతిన గుంట చుట్టూ గడ్డిని తివాచీలా పొట్టిగా కత్తిరించి ఉంచుతారు. అదే గ్రీన్. అక్కడ బంతిని దొర్లించటానికి వాడే క్లబ్ పుట్టర్. దూరం నుంచి కొట్టిన బంతి చాలాసార్లు గ్రీన్ మీద ఆగదు. ఆ పక్కనో ఈ పక్కనో కాస్త పొడుగు గడ్డిలో ఆగుతుంది. దాన్ని కొంచెంగా గాల్లోకి పంపి, ఆ గడ్డిని దాటించి, గ్రీన్ అంచు మీద వాలేలా చేసి, మిగతా దూరం దొర్లనివ్వటమే చిప్. తక్కువ ఎగరాలి, ఎక్కువ దొర్లాలి. ఎక్కువ ఎగిరి తక్కువ దొర్లితే అది పిచ్. దాని కథ వేరు.

పేరున్న ప్రొఫెషనల్ ఆటగాళ్లు కూడా 18 హోల్స్‌లో సగటున 12 గ్రీన్లనే అనుకున్న దెబ్బల్లో అందుకుంటారు. మిగతా ఆరుసార్లు వాళ్లూ గ్రీన్ బయటి నుంచి తంటాలు పడాల్సిందే. మనలాంటివాళ్లకైతే ఆ తంటా పన్నెండు సార్లు, పదిహేను సార్లు. అయినా ప్రాక్టీసుకు వెళ్తే అందరం ఏం చేస్తాం? పెద్ద డ్రైవర్ తీసి వంద బంతులు బాదుతాం. నడుముకు పడే భారమంతా అందులోనే ఉంది. డ్రైవర్‌తో గట్టిగా తిప్పేటప్పుడు నడుం దగ్గరి వెన్నెముక మీద శరీర బరువుకు 8 రెట్ల వరకూ ఒత్తిడి పడుతుందని కొలిచి చూపిన పరిశోధనలున్నాయి. చిప్‌లో అంత బలంతో పని లేదు. భుజం, మోకీలు, నడుం ఆపరేషన్ల తర్వాత మళ్లీ ఆటలోకి దించేటప్పుడు ఫిజియోథెరపిస్టులు ముందు పుట్టింగ్, ఆ తర్వాత చిప్, ఆపైనే పెద్ద దెబ్బలు అని వరస పెట్టేది అందుకే.

బలం లేకపోతే ఈ ఆటలో ఏం గెలుస్తాం అనుకునేవారు పాల్ రన్యన్ పేరు గుర్తుపెట్టుకోవాలి. అమెరికా ఆటగాడు. పొట్టిగా, సన్నగా ఉండేవాడు. 1938 పీజీఏ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఆయన ఎదుట నిలిచింది శామ్ స్నీడ్. బంతిని ఆమడ దూరం కొట్టగల వీరుడు. ప్రతి హోల్‌లోనూ స్నీడ్ బంతి ఎక్కడో ముందుండేది, రన్యన్ బంతి చాలా వెనకుండేది. కానీ గ్రీన్ దగ్గరికొచ్చేసరికి లెక్క తారుమారయ్యేది. 36 హోల్స్ పోటీలో ఇంకా ఏడు మిగిలి ఉండగానే ఎనిమిది హోల్స్ ఆధిక్యంతో రన్యన్ గెలిచేశాడు. ఆయన చిప్ కొట్టే తీరు మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు బాగా పనికొస్తుంది. దాని గురించి కాసేపట్లో.

గోటీబిళ్ల గుర్తుందా?

కొత్తవాళ్లంతా చేసే తప్పు బంతిని లేపాలని చూడటం. బంతి నేలమీద ఉంది, గాల్లోకి లేవాలి, కాబట్టి కిందినుంచి గరిటెతో తీసినట్టు తోడాలని మనసు చెబుతుంది. చేతులు ఆ మాట వింటాయి. బంతి దగ్గరికి రాగానే మణికట్టు చటుక్కున ముందుకు విరుగుతుంది. బరువు వెనక కాలి మీదికి పోతుంది. ఛాతీ ఆకాశం వైపు చూస్తుంది.

అసలు ఆ అవసరమే లేదు. చిప్‌కు వాడే క్లబ్ ముఖం ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలును ‘లాఫ్ట్’ అంటారు. పిచింగ్ వెడ్జ్‌కు ఇది సుమారు 45 డిగ్రీలు. శాండ్ వెడ్జ్‌కైతే 54 నుంచి 56. క్లబ్ బంతిని తాకుతూ ముందుకు సాగితే చాలు, ఆ వాలే దాన్ని పైకి పంపుతుంది. చిన్నప్పుడు ఆడిన గోటీబిళ్ల తలుచుకోండి. బిళ్లంగోడు అనండి, చిర్రగోనె అనండి, ఆట ఒకటే. బిళ్లను గాల్లోకి లేపాలంటే చెక్కిన కొస మీద కర్రతో కిందికి కొట్టేవాళ్లం. కిందినుంచి పైకి తోడినవాడెవడూ లేడు. కొస వాలుగా ఉండబట్టే అది ఎగిరేది. పదేళ్ల వయసులో మన చేతులకు తెలిసిన ఈ సంగతిని యాభై ఏళ్లకు డబ్బిచ్చి మళ్లీ నేర్చుకుంటున్నాం.

లేపే ప్రయత్నంలో తేడా ఎక్కడొస్తుందంటే... క్లబ్ ఉయ్యాలలా కదులుతుంది. వెనక నుంచి దిగుతుంది, ఒకచోట నేలకు దగ్గరవుతుంది, మళ్లీ పైకి వెళుతుంది. ఆ అడుగు స్థానం బంతి దగ్గరో, బంతికి అంగుళం ముందో ఉండాలి. బరువు వెనక కాలి మీద పడి, మణికట్టు విరిగితే ఆ స్థానం బంతికి వెనక్కి జరుగుతుంది. అప్పుడు జరగ్గలిగేవి రెండే. క్లబ్ ముందుగా నేలను తవ్వుతుంది, బంతి అక్కడే ఉంటుంది. లేదంటే నేలను తప్పించుకుని పైకి లేస్తూ బంతి మధ్యలో తగులుతుంది, అది గ్రీన్ దాటి పారిపోతుంది. ఒకటి మరీ తక్కువ దూరం, ఒకటి మరీ ఎక్కువ దూరం కాబట్టి ఇవి వేర్వేరు తప్పులనుకుని ఒకదానికి విరుగుడుగా ఇంకోటి చేస్తుంటాం. నేను రెండు నెలలు అలాగే చేశాను.

మోచేతికి ఏమవుతుంది?

మణికట్టును వంచే కండరాలు, వేళ్లను బిగించే కండరాలు ముంజేతి పొడవునా సాగి మోచేతి లోపలివైపు ఎముక బుడిపె దగ్గర అతుక్కుంటాయి. మణికట్టును వెనక్కి లేపే కండరాలు వెలుపలి బుడిపె దగ్గర అతుక్కుంటాయి. క్లబ్‌ను గట్టిగా పట్టుకుంటే ఈ రెండు జట్లూ ఒకేసారి బిగుస్తాయి. అలా బిగిసి ఉన్నప్పుడు క్లబ్ నేలలో దిగబడితే ఆ అదురంతా అతుకుల దగ్గరికే చేరుతుంది. ఒకసారైతే ఏమీ కాదు. రోజుకు అరవై, డెబ్బై సార్లు, అదీ ప్రాక్టీసు చోట సిమెంటు గచ్చు మీద పరిచిన గట్టి చాప మీద అయితే కండర బంధనం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. యాభై దాటాక అది మరమ్మతు కావటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

లోపలివైపు వచ్చే నొప్పికి ‘గోల్ఫర్స్ ఎల్బో’ అనీ, వెలుపలి నొప్పికి ‘టెన్నిస్ ఎల్బో’ అనీ పేర్లు. పేర్లు చూసి మోసపోవద్దు. గోల్ఫ్ ఆడేవాళ్లకు రెండోదీ తరచుగానే వస్తుంది. కుడిచేతి వాటం ఆటగాళ్లలో సాధారణంగా కుడి మోచేతి లోపలివైపు, ఎడమ మోచేతి వెలుపలివైపు నొప్పి మొదలవుతుంది. అసలు గోల్ఫ్ క్లబ్ ముట్టనివారికీ ఇవి వస్తాయి. బట్టలు పిండేవారు, చపాతీపిండి కలిపేవారు, రోజంతా స్క్రూడ్రైవర్ తిప్పేవారు చాలామంది వీటితో బాధపడుతుంటారు.

నాకు ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం ఇంట్లో ఎవరైనా చేసుకునేదే. ముంజేయిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి ఉండేలా మణికట్టును బల్ల అంచు దాటించాలి. చేతిలో అరలీటరు నీళ్ల సీసా. రెండో చేతి సాయంతో మణికట్టును పైకి లేపి, ఆ సాయం తీసేసి, నాలుగైదు సెకన్లు తీసుకుంటూ మెల్లగా కిందికి దించాలి. దించటమే అసలు మందు. పదిహేను సార్లు, కాస్త విరామమిచ్చి అలా మూడు విడతలు. వెలుపలి నొప్పికైతే అరచేయి కిందికి పెట్టి ఇదే పని. కొద్దిపాటి నొప్పి ఉండొచ్చు గానీ అది మర్నాటికి పెరగకూడదు. ఆరు వారాలకు గాని నాకు తేడా తెలియలేదు. ఆ ఆరు వారాలూ ఆయన నన్ను ఆట పూర్తిగా మాన్పించలేదు. ‘‘మెత్తటి గడ్డి మీద చిప్ ఆడుకోండి. కానీ నేలను తవ్వకూడదు, క్లబ్‌ను పిసక్కూడదు’’ అన్నారు. కోచ్ ఏం నేర్పించాలనుకున్నారో అదే!

నిలబడే తీరులోనే సగం పని

చిప్‌కు నిలబడేటప్పుడు పాదాల మధ్య దూరం జానెడు చాలు. బరువులో 60 నుంచి 70 శాతం ముందు కాలి మీద, అంటే కుడిచేతి వాటం వారికి ఎడమ కాలి మీద వేయాలి. అసలు కిటుకు ఇదే. దెబ్బ పూర్తయ్యేదాకా అది అక్కడే ఉండాలి. కుడి మడమను కొంచెం పైకి లేపి పది బంతులు కొట్టి చూడండి, వెనక్కి వాలటమన్నది ఎంత అలవాటైపోయిందో తెలుస్తుంది. బంతి రెండు పాదాలకు మధ్యలో, లేదా రవ్వంత వెనక. క్లబ్‌ను మామూలుకంటే కిందికి, పట్టు రబ్బరు ముగిసే చోటికి దగ్గరగా పట్టుకోవాలి. చేతులు బంతికంటే కొద్దిగా ముందుండాలి. ‘కొద్దిగా’ అన్న మాట మరవొద్దు. చేతుల్ని మరీ ముందుకు తోస్తే క్లబ్ పదునైన అంచు నేలలో గుచ్చుకుంటుంది. వెడ్జ్ అడుగు కాస్త ఉబ్బుగా చేసేది గడ్డి మీద జారిపోవటానికే. దాన్ని ‘బౌన్స్’ అంటారు. ఆ జారుడును మనమే పోగొట్టుకోకూడదు.

వంగటం తుంటి దగ్గర జరగాలి, నడుం దగ్గర కాదు. వీపు గుండ్రంగా చేసుకుని బంతిని వెతుకుతున్నట్టు నిలబడితే ఇరవై నిమిషాలకే నడుం పట్టేస్తుంది. తలుపును పిరుదులతో వెనక్కి నెట్టినట్టు తుంటిని వెనక్కి జరిపి, మోకాళ్లను కాస్త సడలించాలి. పట్టు మాత్రం టూత్‌పేస్ట్ గొట్టాన్ని పట్టుకున్నంత. పేస్టు బయటికి రాకూడదు, గొట్టం జారిపోకూడదు.

ఇక కొట్టటం. ఛాతీ, భుజాలు, చేతులు ఒకే ముక్కలా కొంచెం వెనక్కి, అంతే ముందుకు. మోకాలి ఎత్తు వరకూ వెనక్కి వెళితే మోకాలి ఎత్తు వరకే ముందుకు. చేతులతో పాటు బొడ్డు కూడా జెండా వైపు తిరగాలి. శరీరం ఆగిపోయి చేతులొక్కటే కదిలినప్పుడే మణికట్టు రంగంలోకి దిగుతుంది. ఇంకొకటి... చాలామంది క్లబ్‌ను భుజం దాకా లేపి, బంతి దగ్గరికి రాగానే ‘అయ్యో ఎక్కువైపోతుందేమో’ అని బ్రేకు వేస్తారు. ఆ బ్రేకే నేలను తవ్విస్తుంది. తక్కువ వెనక్కి తీసి, తగ్గించకుండా సాగనివ్వటం మేలు.

రన్యన్ తీరు ఇంకా సులువు. వెడ్జ్‌నో, 8 ఐరన్‌నో అచ్చం పుట్టర్ పట్టుకున్నట్టే పట్టుకోవాలి. బంతికి దగ్గరగా నిలబడి, క్లబ్‌ను నిటారుగా చేసి, మడమ భాగం నేల నుంచి కాస్త లేచి, కొన మాత్రం ఆనేలా ఉంచాలి. తర్వాత పుట్టింగ్ చేసినట్టే భుజాలు ఊపటం. మణికట్టుకు పనే లేదు. క్లబ్ నేలకు తగిలే భాగం తక్కువ కాబట్టి దిగబడే భయమూ తక్కువే. కీళ్ల నొప్పులున్నవారు, మణికట్టు విరిగి అతికినవారు ముందు దీన్నే ప్రయత్నించొచ్చు. చూడ్డానికి అందంగా ఉండదు. పక్కవాళ్లు నవ్వొచ్చు. నవ్వనివ్వండి.

పన్నెండు లెక్క

ఎంత దూరం ఎగరాలి, ఎంత దూరం దొర్లాలి అన్నదానికి పాతకాలపు లెక్కొకటుంది. పన్నెండు లోంచి క్లబ్ సంఖ్య తీసేయండి. 9 ఐరన్ అయితే మూడు. అంటే ఒక వంతు ఎగిరితే మూడు వంతులు దొర్లుతుంది. 8 ఐరన్‌కు నాలుగు వంతులు. పిచింగ్ వెడ్జ్‌ను పదిగా లెక్కేస్తే రెండు వంతులు. శాండ్ వెడ్జ్ దాదాపు ఎంత ఎగిరితే అంతే దొర్లుతుంది.

ఇప్పుడు నా ఐదు దెబ్బల చోటికి వెళదాం. గ్రీన్ రెండు అంగల దూరం, అక్కణ్నుంచి జెండా పది అంగలు. గ్రీన్ మీదికి వచ్చాక ఒక అంగ దూరంలో బంతి వాలాలి అనుకుందాం. అంటే ఎగరాల్సింది మూడు అంగలు, దొర్లాల్సింది తొమ్మిది. మూడింతలు. కాబట్టి 9 ఐరన్. నేను ఆరోజు వాడింది శాండ్ వెడ్జ్. టీవీలో అందరూ అదే వాడతారు కదా! దాంతో జెండా దగ్గరికి చేర్చాలంటే ఆరు అంగలు ఎగరేయాలి, దానికి పెద్ద ఊపు కావాలి, ఊపు పెద్దదైతే పొరపాటూ పెద్దదే.

ఇది చదునైన గ్రీన్ లెక్క. ఎత్తుగా ఉంటే ఒక సంఖ్య తగ్గించి బలమైన క్లబ్, పల్లంగా ఉంటే ఎక్కువ వాలున్న క్లబ్ తీసుకోవాలి. వానాకాలం తడి గ్రీన్ మీద బంతి తొందరగా ఆగుతుంది. ఎండాకాలం గ్రీన్ చుట్టూ నేల బండబారి, గడ్డి పలచబడితే వెడ్జ్ జోలికి పోకుండా బయటి నుంచే పుట్టర్‌తో దొర్లించటం నయం. పుట్టర్‌తో కుదిరితే పుట్టర్, కుదరకపోతే చిప్, అదీ కుదరకపోతేనే పిచ్... ఈ వరస పాటిస్తే చేతులకూ క్షేమం.

అంచనా అలవాటు కావటానికి ముందు క్లబ్ పక్కన పెట్టి బంతిని చేత్తోనే విసరండి. గోళీ విసిరినట్టు, చెయ్యి కిందుగా. ఎక్కడ వాలితే ఎక్కడిదాకా దొర్లుతుందో కంటికి తెలిసిపోతుంది. చూపు జెండా మీద కాక వాలే చోటు మీద పెట్టటమూ అలవాటవుతుంది.

మేడ మీద, బకెట్‌తో

గోల్ఫ్ మధ్యతరగతి ఆట కాదన్నది నిజమే. గోల్కొండ నయాఖిలాలో, గచ్చిబౌలి బండల మధ్య, విశాఖలో మంచి కోర్సులున్నా సభ్యత్వాలు అందరికీ అందేవి కావు. కానీ డబ్బు చెల్లించి గంటో, బుట్టెడు బంతులో ఆడుకునే ప్రాక్టీసు చోట్లు ఉన్నాయి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకైతే ఇది మంచి కాలక్షేపం. అక్కడ ఊరి కోర్సుల్లో సామాన్యులూ ఆడతారు. చాలాచోట్ల ప్రాక్టీసు గ్రీన్ వాడుకోవటానికి రుసుము కూడా ఉండదు. కాకపోతే కొన్నిచోట్ల పుట్టింగ్‌కే అనుమతి, చిప్ కొట్టకూడదని బోర్డు పెడతారు. చూసుకోవాలి. పగలంతా అబ్బాయి, కోడలు ఆఫీసు పనిలో ఉంటే ఇంట్లో టీవీ ముందు ఆరు నెలలు కూర్చునే బదులు 9 ఐరన్ ఒకటి చాలు.

ఇంటి దగ్గరైతే మేడ మీద పాత కాలిపట్టా, నాలుగు స్పాంజి బంతులు, ఐదారు అంగల దూరంలో బకెట్ సరిపోతాయి. బంతికి వెనక ఒక చెయ్యి దూరంలో తువ్వాలు మడిచి పెట్టండి. క్లబ్ తువ్వాలుకు తగిలిందంటే మళ్లీ లేపుతున్నారన్నమాట. రెండు చంకల కింద మరో తువ్వాలును అడ్డంగా నొక్కి పట్టుకుని కొడితే చేతులు, ఛాతీ కలిసి కదులుతున్నాయో లేదో తెలుస్తుంది. కిందికి జారితే చేతులు విడిగా తిరుగుతున్నట్టు. హాల్లో మాత్రం వద్దు. మా ఇంట్లో ‘‘ఏమండీ, ఆ టీవీ ఎంతకు కొన్నామో గుర్తుందా?’’ అన్న ఒక్క ప్రశ్నతో ఆ ముచ్చట తీరిపోయింది.

ఒక విడతకు ఇరవై నిమిషాలు మించొద్దు. పది బంతులకోసారి నిటారుగా నిలబడి, చేతులు నడుం మీద పెట్టి మెల్లగా వెనక్కి వంగండి. చిప్ ప్రాక్టీసులో నడుం పట్టేది కొట్టటం వల్లకంటే బంతులు ఏరుకోవటం వల్లే! దీనికి గోల్ఫ్ ఆటగాళ్ల పద్ధతి ఒకటుంది. నడుం నొప్పి ఉన్నవారికి ఫిజియోథెరపిస్టులు దాన్నే నేర్పుతారు, పేరు కూడా ‘గోల్ఫర్స్ లిఫ్ట్’. ఒక చేత్తో క్లబ్‌ను ఊతకర్రలా పట్టుకుని, ఒక కాలి మీద నిలబడి, తుంటి దగ్గర ముందుకు వంగుతూ రెండో కాలిని తిన్నగా వెనక్కి లేపాలి. వీపు వంగదు. రెండో చేత్తో బంతి తీసుకుని అలాగే పైకి లేవాలి. నేలమీద పడ్డ పెన్ను, తాళాలు, దినపత్రిక తీయటానికీ ఇదే పద్ధతి. బరువులకు మాత్రం పనికిరాదు. తూలు వచ్చేవారు, పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహులు దీని జోలికి పోవద్దు. పుట్టర్ పిడికి తగిలించే చిన్న రబ్బరు కప్పు దొరుకుతుంది, అది గుంటలోంచి బంతిని పీల్చి పైకి తెస్తుంది.

చేతులు మాట వినకపోతే

కొందరికి తప్పేంటో తెలుసు, దిద్దుబాటూ తెలుసు. అయినా బంతి ముందు నిలబడగానే చెయ్యి చటుక్కున అదురుతుంది. దీన్ని ‘యిప్స్’ అంటారు. పుట్టింగ్‌లో ఎక్కువగా కనిపిస్తుంది గానీ చిప్‌లోనూ వస్తుంది. రాయబోతే వేళ్లు బిగుసుకుపోయే ‘రైటర్స్ క్రాంప్’ లాంటి నాడీ సమస్య కొందరిలో, ఒత్తిడీ భయమూ కొందరిలో దీనికి కారణమని మేయో క్లినిక్ పరిశోధకులు గుర్తించారు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. కాబట్టి ‘ధైర్యంగా కొట్టు’ అని గద్దించి లాభం లేదు.

2005 మాస్టర్స్‌లో 16వ హోల్ దగ్గర గ్రీన్ బయటి నుంచి టైగర్ వుడ్స్ వేసిన చిప్ గుంట అంచున ఒక క్షణం ఆగి లోపలికి పడటం గోల్ఫ్ అభిమానులెవరూ మరచిపోరు. అదే వుడ్స్ 2014 డిసెంబరులో ఫ్లోరిడాలో వరసగా చిప్‌లు నేలకు కొట్టాడు. రెండు నెలలు తిరగకుండానే ఫీనిక్స్ ఓపెన్‌లో 82 కొట్టి వెనుదిరిగాడు. నాలుగేళ్ల తర్వాత, 2019లో మళ్లీ మాస్టర్స్ గెలిచాడు.

యిప్స్‌కు ఎక్కువమందికి పనికొచ్చే ఉపాయం చేతులకు కొత్త పని ఇవ్వటం. పాత కదలికకు అలవాటుపడ్డ నాడులు కొత్త పట్టుతో తికమకపడవు. 2022 యూఎస్ ఓపెన్ విజేత మాట్ ఫిట్జ్‌ప్యాట్రిక్ కుడిచేతి వాటం ఆటగాడే అయినా చిప్ కొట్టేటప్పుడు ఎడమ చేయి కిందికి, కుడి చేయి పైకి పెట్టి పట్టుకుంటాడు. అలా పట్టుకుంటే మణికట్టు ముందుకు విరగటం కష్టం. మోచేయి నొప్పి తగ్గుతున్న రోజుల్లో నేనూ ప్రయత్నించాను. మొదటి వారం ఎడమ చేత్తో అన్నం తిన్నట్టుంది. రెండో వారానికి కుదిరింది.

ఇలాంటప్పుడు డాక్టరు దగ్గరికి

క్లబ్ నేలకు బలంగా తగిలిన తర్వాత అరచేతి అడుగున చిటికెనవేలి వైపు నొప్పి మొదలై వారమైనా తగ్గకపోతే ఎక్స్‌రేతో సరిపెట్టుకోకుండా ఎముకల డాక్టరుకు చూపించాలి. అక్కడ కొక్కెంలాంటి చిన్న ఎముక ఉంటుంది. గోల్ఫ్ క్లబ్ పిడి ఒత్తిడికి అది చిట్లొచ్చు, మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మోచేయి నొప్పితో పాటు ఉంగరం వేలు, చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంటే నరం ఒత్తుకుంటుందేమో చూడాలి. నడుం నొప్పి కాలిలోకి పాకినా, రాత్రిళ్లు నిద్రలేపినా ఆగకుండా వెళ్లాలి. నడుస్తుంటే ఛాతీలో బిగింపు, ఎడమ చేతిలోకో దవడలోకో లాగటం, చెమటలు పట్టటం ఉంటే అది మోచేయి సమస్య కాదు. ఆట అక్కడే ఆపి ఆసుపత్రికి పోవాలి. చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు జేబులో గ్లూకోజు బిళ్లలో, నాలుగు ఖర్జూరాలో ఉంచుకోవాలి. మన ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామునే మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ఇంటికి చేరటం మంచిది.

పోయిన ఆదివారం అదే హోల్ దగ్గర, దాదాపు అదే చోట నా బంతి ఆగింది. 9 ఐరన్ తీశాను. బరువు ఎడమ కాలి మీద వేశాను. బంతి మోకాలెత్తు కూడా లేవలేదు. గ్రీన్ అంచు దాటి వాలి, తాపీగా దొర్లుకుంటూ వెళ్లి జెండాకు మూరెడు దూరంలో ఆగింది. కేడీ కుర్రాడు ఏమీ అనలేదు, పుట్టర్ చేతికిచ్చాడు. ఆ మూరెడు కూడా తప్పాననుకోండి... అది పుట్టింగ్ సంగతి.